ఉపవాసపు ఆదివారం, ఇన్సులిన్ సూది

ఆ ఆదివారం మా ఆయన దేవసహాయం కూజా ఎత్తి గటగటా నీళ్ళు తాగడం చూసి నేను గడపలోనే నిలబడిపోయాను. నెలలో మొదటి ఆదివారం మాకు ఉపవాసం. రెండు పూటలు అన్నం ముట్టం, నీళ్ళు కూడా తాగం. అలా మిగిలిన బియ్యాన్ని పేదవాళ్ళకు ఇస్తాం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అస్సాంలో మిలిటరీ లారీ తోలుతున్నప్పుడు, ఒక అమెరికన్ సిపాయి స్నేహంతో ఆయన మోర్మన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసంలోకి వచ్చారు. మిర్యాలగూడలో ఆ విశ్వాసం ఉన్న ఇల్లు మాదొక్కటే. టీ, కల్లు, బీడీ ఏవీ మా గడప తొక్కవు. ఇప్పుడు లారీ తోలే రైస్ మిల్లులో తోటి డ్రైవర్లు ఎంత ఆటపట్టించినా చలించని మనిషి ఉపవాసం నాడు కూజా ఖాళీ చేశారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"తట్టుకోలేకపోయిన. గొంతు ఎండిపోతాంది," అన్నారు తల దించుకుని.

విశ్వాసం సడలిందేమోనని భయపడ్డానే గాని, జబ్బేమోనన్న ఆలోచనే రాలేదు. ఆ తర్వాత అన్నం రెట్టింపు తినసాగారు. అయినా చొక్కా వదులైపోయింది. పెరట్లో ఆయన మూత్రానికి వెళ్ళే చోట చీమలు బారులు తీరాయి. అత్తమ్మ అది చూసి, "ఇదేదో మంచిగ లేదు బిడ్డా. జల్ది దవాఖానకు తోల్కపో," అంది.

సూర్యాపేట దవాఖానలో మూత్రాన్ని నీలం మందులో కలిపి కాచారు. గాజు గొట్టంలో అది ఇటుక రంగుకు తిరిగింది. "డయాబెటిస్. ఇక రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్ తప్పదు," అన్నారు డాక్టరు. ముప్పై ఏళ్ళు నిండని మనిషికి రోజూ సూదా! సిరంజి కాచడం, సూది వేయడం అక్కడే నాకు నేర్పారు. పంపేటప్పుడు, "భోజనానికి ముందు ఇంజెక్షన్. అన్నం తగ్గించాలి, తీపి ముట్టకూడదు," అన్నారు. మా ఉపవాసం సంగతి డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఇన్సులిన్‌తో మా ఆయన కాస్త ఒళ్ళు చేశారు. ఇంతలో మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. "పోయినసారి తప్పిన. ఈసారి పూర్తిగ ఉంట," అన్నారు. తగ్గించమన్న అన్నం ఒకరోజు మానేస్తే ఇంకా మంచిదే కదా అనుకున్నాం. సూది మాత్రం మానకూడదని వేశాను.

ప్రార్థన మధ్యలో ఆయన నాలుక తడబడింది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. నావైపు చూసి, "నువ్వెవరు?" అన్నారు. లేచి నడవబోయి గోడకు కొట్టుకున్నారు. వాకిట్లోంచి పక్కింటాయన నవ్వాడు: "మనోడు ఇయ్యాల కల్లు రుచి సూసిండే!" నిజంగానే తాగారేమోనని నోటి దగ్గర వాసన చూశాను. ఏ వాసనా లేదు.

అత్తమ్మది మా విశ్వాసం కాదు. "ఉపాసం లేదు, గిపాసం లేదు. ముందు కడుపుల ఏదన్న పడనియ్యి," అంటూ బెల్లం నీళ్ళు కలిపి తెచ్చింది.

"తీపి వద్దన్నారు అత్తమ్మా!" అని చెయ్యి అడ్డం పెట్టాను.

ఆమె నా చెయ్యి తోసేసి కొడుకుకి గుక్కగుక్కగా తాగించింది. కాసేపటికి ఆయన, "సుగుణా, ఏమైంది?" అన్నారు. నా పేరు వినగానే భోరుమన్నాను.

మళ్ళీ దవాఖానకు వెళ్ళాం. సంగతి విన్న డాక్టరు కుర్చీలోంచి లేచారు. "ఇన్సులిన్ వేసి అన్నం పెట్టలేదా? తగ్గించమన్నానమ్మా, మానమనలేదు. తిండి లేకుండా సూది వేస్తే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుంది. మింగే తెలివి ఉండగా తీపి పడింది కాబట్టి బతికాడు!" నా చేత్తో వేసిన సూది అది.

ఇప్పుడు ఆయన మళ్ళీ లారీ తోలుతున్నారు. జేబులో బెల్లం ముక్క ఉంటుంది. ఉపవాసపు ఆదివారం నేను పస్తుండి ఆయనకు వడ్డిస్తాను. మొదటిసారి ఆయనకు ముద్ద దిగలేదు. "నువ్వు పస్తుంటే నేనెట్ల తినాలె? దీనికన్న ఆకలే నయముండె," అన్నారు.

"అదే మీ ఉపవాసం అనుకోండి," అన్నాను. కళ్ళు తుడుచుకుని తిన్నారు. నా వంతు బియ్యం ఆయనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉంటే, మీది ఏ మతమైనా సరే, మీరు పస్తుండే రోజుల గురించి ముందే డాక్టరుకు చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి. మేము చెప్పి ఉంటే, నా భర్త నన్ను చూసి "నువ్వెవరు?" అని అడిగేవారు కాదు.