తగ్గిందన్న మాట

ప్లగ్గు మాస్టారన్న పేరు మిక్సీలు, మోటార్లు బాగుచేసే ఆయనకు వీధి పెట్టింది. మిక్సీ తిరగడం లేదన్నా, ఇస్త్రీపెట్టె వేడెక్కడం లేదన్నా ఆయన మొదట అడిగేది ఒక్కటే: "ప్లగ్గు సరిగ్గా పెట్టారా?" నవ్వేవాళ్ళు నవ్వేవారు. తీరా చూస్తే పదింట ఏడుసార్లు తప్పు ప్లగ్గులోనో వైరులోనో ఉండేది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని ఆయన వాదన.

అలాగని తేలిగ్గా వదిలే మనిషి కాదు. బాగుచేసిన మోటారును గంటసేపు తిప్పి చూడనిదే ఎవరికీ ఇచ్చేవారు కాదు. "బానే తిరుగుతోందిగా, ఇచ్చెయ్యండి" అని ఎంత తొందరపెట్టినా, "మనిషి మాట వినాలి, మిషను మాట నమ్మాలి" అని బల్లకు అడ్డంగా కూర్చునేవారు.

భార్య కడుపులో నొప్పి అన్నప్పుడు కూడా ఆయన చిన్న కారణమే చూశారు. "నూటికి తొంభైమందికి గ్యాసే. ఈ మాత్ర వేసుకో." ఆ మాటలో తప్పేమీ లేదు. ఎవరైనా మొదట అదే అనుకుంటారు.

వారం తర్వాత అడిగారు. "తగ్గిందా?"

"తగ్గిందండీ."

అంతే, ప్రాణం కుదుటపడింది. రోజూ టీ తాగుతూ అడిగేవారు, ఆవిడ రోజూ తగ్గిందనేది. పరాయి ఇంటి మిక్సీకి గంటసేపు కాపలా కాసిన మనిషి ఇంటావిడ విషయంలో మాటతో సరిపెట్టుకున్నారు. కావలసిన మాట చెవిన పడితే ఎంతటివాడికైనా పరీక్ష గుర్తుకు రాదు కాబోలు.

రెండు నెలలకు ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని తన బట్టలన్నిటికీ కుట్లు లోపలికి వేసుకుంది. "వదులైపోయాయండీ" అంటే, "ఉతికి ఉతికి సాగుంటాయిలే" అన్నారు. మరో నెలకు మళ్ళీ కుట్టుకుంది. ఈసారి మిషను కిర్రుమంటోందని ఆయనే దానికి నూనె వేసి పెట్టారు. పాపిష్టి కళ్ళు! మిషను కనబడింది గాని మనిషి కనబడలేదు.

చివరికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు పెద్ద డాక్టరు ఎన్నాళ్ళ నుంచని అడిగితే, ఆవిడ "ఈమధ్యేనండీ" అంది, భర్త మొహం చూసి. జబ్బు ముదిరిపోయిందని చెప్పి డాక్టరు బయటికి వెళ్ళాక ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని కూలబడ్డారు.

"నాకెందుకు చెప్పలేదే?"

"రోజూ అంత ఆశగా అడుగుతుంటే, తగ్గలేదని ఎలా చెప్పనండీ?"

ఆరు వారాలకు ఆవిడ పోయింది.

పదిరోజుల తర్వాత కూతురు తండ్రి పక్కన చేరింది. ఆయన తిండి ముట్టడం లేదు. "ముందే తీసుకెళ్ళినా ఇంతేనేమో నాన్నా. డాక్టరూ అదే అన్నాడు కదా."



"ఏమోనమ్మా. కావచ్చు, కాకపోవచ్చు. మోటారైతే ఇంకొకటి తెచ్చి, ఈసారి ముందే విప్పి చూసి తేల్చుకునేవాణ్ణి. మీ అమ్మ ఒక్కతే కదే."