యోబు కారుకి మంచినీళ్లు

రేపల్లె టాక్సీ స్టాండులో యోబు ఫియట్‌ని గుర్తుపట్టడానికి నంబరు చూడక్కర్లేదు. బానెట్టు ఎత్తి ఉన్న బండి ఏదో అదే అతనిది. ఎనభైల చివర్లో తెనాలికో బాపట్లకో కారు మాట్లాడుకునేవాళ్లు స్టాండంతా కలియజూసి, వేరే బండి దొరకనప్పుడే యోబు దగ్గరికి వచ్చేవాళ్లు. భట్టిప్రోలు దాటేలోపే అది పొగలు కక్కేది. ఎక్కినవాళ్లు కాలవ గట్టున నిలబడి, అది చల్లారేదాకా కబుర్లు చెప్పుకోవాల్సిందే.

తోటి డ్రైవర్లు ఆ బండిని తూకానికి అమ్మేయమని ఎన్నోసార్లు చెప్పారు. యోబు ఆ మాట చెవిన పెడితేగా! కూలికి పోయే ఇంట్లో పుట్టి, లారీ క్లీనరుగా చేరి, టైర్ల కింద పడుకుని పని నేర్చుకుని, చివరికి తనదంటూ ఒక స్టీరింగు పట్టుకున్న మనిషి. ఆ కారు పోతే మళ్లీ లారీ ఎక్కి ఎవడి చేతో తిట్లు తినాలి. తల్లి అచ్చమ్మ పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా ముందు ఇంజను సంగతి తేలనీ అనేవాడు. సంబంధాలు తెచ్చినవాళ్లు ఇంజను గురించి ఏం చెప్పాలో తెలియక టీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

తెనాలిలో అతనికి నమ్మకమైన మెకానిక్కు ఇమాముద్దీన్. మొదటిసారి వేడెక్కి ఆగిపోయినప్పుడు ఆయన ఇంజను పైనుండే హెడ్డు విప్పి, దాని కింద పరిచే గ్యాస్కెట్ మార్చాడు. రెండోసారికి హెడ్డు వంగిపోతే లేత్ షాపులో చదును చేయించి బిగించాడు. మూడోసారి జంపని దగ్గర ఆగిపోయిన బండిని తాడు కట్టి లాక్కొచ్చేసరికి, ఇంజనాయిల్లో నీళ్లు కలిసి చిక్కటి మజ్జిగలా తయారైంది.

ఇమాముద్దీన్ హెడ్డు విప్పి బల్ల మీద బోర్లించాడు. నీళ్లు పారే దారుల చుట్టూ తెల్లటి పొడి పేరుకుని, లోహం చెదలు పట్టిన కర్రలా తొలుచుకుపోయి ఉంది. ఏం నీళ్లు పోస్తున్నావని అడిగాడు. మంచినీళ్లేనని యోబు తడుముకోకుండా చెప్పాడు. ఆయన ఆ పొడిని గోటితో గీకి నాలిక మీద వేసుకుని, పక్కకి ఉమ్మాడు.

“యోబూ, నాతో అబద్ధమాడితే నష్టం నాక్కాదు, నీ బండికి.”

యోబు తల దించుకున్నాడు. పోసింది తాముండే పేటలోని బోరు నీళ్లే. నోట్లో పెట్టుకోలేని ఉప్పు. కానీ ఆ ఇంట్లో మంచినీళ్లంటే తాగడానికీ, కూరలోకీ మాత్రమే. అచ్చమ్మ పొద్దున్నే చెరువుకెళ్లి బిందె చంకనెత్తుకుని తెచ్చే ఆ నీళ్లతో చెయ్యి కడుక్కున్నా తప్పే. వేసవిలో కాలవలు కట్టేస్తే చెరువు అడుగు కనిపిస్తుంది, ఆడవాళ్లు గ్లాసులతో తోడుకుంటారు. అలాంటి నీళ్లు డబ్బాలు డబ్బాలుగా ఇంజనుకి పోయడానికి అతనికి చేతులు రాలేదు. నిజం చెప్పాలంటే, అది పాపమనుకున్నాడు.

ఇమాముద్దీన్ కోప్పడలేదు. కింద బ్లాకు ఇనపదనీ, పైన హెడ్డు అల్యూమినియం కాబట్టి ఉప్పు ముందు దాన్నే తింటుందనీ విడమర్చి చెప్పాడు. ఈ హెడ్డుకి ఇక రిపేరు లేదన్నాడు. కొత్తది వేసినా మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే ఈసారి బ్లాకుతో సహా పోతుంది, తాను మాత్రం చెయ్యి పెట్టనన్నాడు. అమ్ముకోవడమే తెలివైన పని అని కూడా అన్నాడు. యోబు ఆ ఆఖరి ముక్క ఒక్కటీ వదిలేసి, కొత్త హెడ్డు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

బెజవాడ వెళ్లి తెచ్చుకున్నాడు. రైల్లో కింద పెడితే ఎక్కడ దెబ్బ తగులుతుందోనని, గోనె చుట్టిన హెడ్డుని తెనాలి దాకా ఒళ్లోనే ఉంచుకున్నాడు. షెడ్డుకి రాగానే ఇమాముద్దీన్ స్పానరు అతని చేతికే ఇచ్చాడు. నీ చేత్తో బిగిస్తేనే నీకు దాని విలువ తెలుస్తుందన్నాడు. మధ్య బోల్టు దగ్గర మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి చొప్పున అంచులకి వెళ్లాలి. ఒక్కో చుట్టుకీ కొంచెం కొంచెంగానే బిగించాలి. యోబుకి అంత నిదానం ఎక్కడిది? చేతికందిన మూల బోల్టుని ఒకేసారి ఉడుంపట్టుగా బిగించేశాడు. ఇమాముద్దీన్ అన్నీ వదులు చేయించి, మొదటినుంచీ మళ్లీ బిగించమన్నాడు. యోబు పళ్లు బిగబట్టి, ఆయన చెప్పిన వరసలోనే చేసుకుపోయాడు. భుజాలు పట్టేసినా ఆపలేదు. రేడియేటరు కడిగి, షెడ్డు ముందున్న కుళాయి నీళ్లు పోసి స్టార్ట్ చేస్తే, వేడి చూపించే మీటరు ముల్లు మధ్యకొచ్చి అక్కడే నిలబడింది. యోబు దాన్ని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి తల్లికి ఒకే ఒక్క పని చెప్పాడు. రోజూ పొద్దున్నే ఒక డబ్బా మంచినీళ్లు కారులో పెట్టాలి. అచ్చమ్మ సరేనంది. డబ్బా ప్రతిరోజూ నిండే ఉండేది. బండి ఆగకుండా తిరుగుతుంటే జనం మెల్లగా యోబు దగ్గరికి ముందే రావడం మొదలుపెట్టారు.

ఎండలు ముదిరాక ఒకనాడు బాపట్ల బేరం తగిలింది. కర్లపాలెం దగ్గర ప్యాసింజర్లు సోడాకి దిగితే, యోబు దాహమేసి డబ్బా ఎత్తి ఒక గుక్క తాగాడు. తాగింది తాగినట్టే ఉమ్మేశాడు. ఉప్పు. ఎన్నాళ్లుగా ఇవే నీళ్లు పోస్తున్నాడో దేవుడికెరుక.

ఇక ఆ నీళ్లతో గజం కూడా నడపదల్చుకోలేదు. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే కొత్త హెడ్డు పగులుతుంది కనక చల్లారేదాకా ఆగాలన్నాడు. ప్యాసింజర్లు గొణిగారు, తిట్టారు, వాళ్లలో ఒకాయన చెప్పుతీస్తానన్నాడు. యోబు బానెట్టు మీద చెయ్యేసి కదలకుండా నిలబడ్డాడు. చల్లారాక రేడియేటరు అడుగునున్న చిన్న కుళాయి తిప్పి ఉప్పునీళ్లన్నీ రోడ్డుపాలు చేశాడు. దగ్గర్లోని ఇంటికెళ్లి బతిమాలి మంచినీళ్లు తెచ్చి పోశాకే స్టీరింగు ముట్టుకున్నాడు.

మర్నాడు తెనాలి వెళితే ఇమాముద్దీన్ చూసి, ఇంకా ముప్పేమీ రాలేదన్నాడు. యోబు షెడ్డు మూల పడి ఉన్న పాత హెడ్డు అడిగి తీసుకుని, ఇంటికి తెచ్చి అచ్చమ్మ ముందు పెట్టాడు. దారి పొడవునా నోటికొచ్చిన మాటలన్నీ పోగేసుకుంటూనే వచ్చాడు. తీరా తల్లిని చూశాక, డబ్బాలో ఏం నీళ్లు పోస్తున్నావని మాత్రం అడిగాడు.

అచ్చమ్మ దాచలేదు. చెరువులో నీళ్లు అడుగంటాయనీ, పేటలో చంటిపిల్లల తల్లులు ఖాళీ బిందెలతో తిరిగిపోతుంటే కారుకి మంచినీళ్లు పోయడానికి మనసొప్పలేదనీ చెప్పింది. బండికి రుచి ఏం తెలుస్తుందిలే అనుకుందట. నిన్నమొన్నటిదాకా యోబు అనుకున్నదీ అదే.

ఆమె హెడ్డు మీద చెయ్యి వేసింది. తొలుచుకుపోయిన కన్నంలో చిటికెనవేలు పెడితే అవతలికి వచ్చింది.

“ఇదెవరు తొలిచార్రా?”

“మన బోరు నీళ్లేనమ్మా.”

అచ్చమ్మ వేలు తియ్యకుండానే కొడుకు మొహంలోకి చూసి మెల్లగా అంది. “ఇంత గట్టిదాన్నే తినేశాయి. మీ అక్క వేసవంతా తాగేది ఇలాంటి నీళ్లే కదరా.”

యోబు అక్క సామ్రాజ్యాన్ని పెళ్లిచేసి ఇచ్చింది రేపల్లెకి దిగువన ఉప్పుటేరు పక్కనున్న పల్లెలో. వేసవిలో అక్కడ చేతిపంపు ఉప్పునీళ్లు తప్ప గతిలేదు. హెడ్డు కోసం బెజవాడ దాకా పరిగెత్తినవాడు, అక్క ఏం తాగుతుందో ఒక్కనాడైనా ఆలోచించాడా?

ఆ వేసవి మొదలు, తెనాలి బేరం దొరికినప్పుడల్లా యోబు ఇమాముద్దీన్ షెడ్డు కుళాయి దగ్గర డబ్బాలు నింపుకునేవాడు. ఒకటి కారుకి, మిగతావి అక్క వాళ్ల పల్లెకి. డిక్కీ నిండా నీళ్లే ఉంటే సామాన్లు ఒళ్లో పెట్టుకోవాల్సి వచ్చిన ప్యాసింజర్లు విసుక్కునేవాళ్లు. స్టాండులో నీళ్ల టాక్సీ అని పేరు పెట్టారు. అననీ అనుకున్నాడు. తొంభైలలో కొత్త మారుతీలు వచ్చి స్టాండు నిండినా, ఆ ఫియట్ హెడ్డు మళ్లీ విప్పాల్సిన అవసరం రాలేదు. ఇంజను సాకు చెల్లక యోబు పెళ్లి కూడా చేసుకున్నాడు.

అలా నీళ్లు తెచ్చిన మొట్టమొదటి రోజు, అక్క ఇంటి ముందు డబ్బాలు దించుతుంటే సామ్రాజ్యం గడపలోకి వచ్చి, ఇవేంటని అడిగింది. యోబు జవాబు చెప్పకుండా చెంబు నిండా వంచి ఇచ్చాడు. ఆమె ఎత్తి గుక్కెడు తాగి ఆగింది. నాలిక చప్పరించి, ఏదో తక్కువైనట్టు చెంబులోకి చూసింది.

“చప్పగా ఉన్నాయేంటి తమ్ముడూ?” అంది.