వెర్నా అంటించిన కాగితాలు

వెర్నా స్టూప్స్ అంటే నాకు పడేది కాదు. ఇద్దరం ఒకే ఏడు ఈ ఇండియానా కాలేజీ హాస్టల్లో తుడుపు పనికి చేరాం. ఆమెది మూడో అంతస్తు, నాది రెండోది. అంతకుముందు కుర్చీల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు వార్నిష్ పూసింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆకులు రాలే కాలంలో పర్సిమన్ పళ్లతో తీపి వండి తెస్తే, నా అంతస్తు పిల్లలు కూడా మెట్లెక్కి ఆమె దగ్గరికే పోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

అసలు మంట వేరే. ఆమె కొడుకు కర్టిస్ పందొమ్మిదేళ్లకే తాగి పడిపోతే స్నేహితులు ఫోన్ చేశారు, బతికాడు. అంతకుముందు మా అబ్బాయి వేడ్ అలాగే పడిపోతే ఎవరూ చెయ్యలేదు. ఇరవై ఒకటి నిండకుండా తాగితే కేసు కాబట్టి భయపడ్డారు. ఇక్కడి పిల్లలంతా చేసే పనే చేశారు: వెల్లకిలా దొర్లకుండా వీపుకి పుస్తకాల బ్యాగు కట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. వాడు మళ్లీ లేవలేదు. మరుసటి ఏడే, ఫోన్ చేస్తే కేసు పెట్టకూడదనే చట్టం వచ్చింది. నా కొడుక్కి అందనిది, ఆ తర్వాత పడిపోయిన ఆమె కొడుక్కి అందింది.

ఆ చట్టాన్నే వెర్నా స్నానాల గదుల తలుపులన్నిటికీ రాసి అంటించింది. ‘ఫోన్ చెయ్యండి. పేరు చెప్పండి. అంబులెన్స్ వచ్చేదాకా ఉండండి. తాగారని మీ మీదా, పడిపోయినవాళ్ల మీదా కేసు ఉండదు.’ నా అంతస్తులోవి నేను చింపేశాను.

“ఏమే డార్లా, ఎందుకు చింపావు?”

“జిగురు మరకలు.”

“నేనొచ్చి గీకుతాలే. కాగితం ఉంచవే.”

“నా తలుపుల జోలికి రాకు.”

ఫుట్‌బాల్ ఆటంటే పిల్లలు పొద్దుటినుంచే తాగుతారు. అలాంటి ఒక శనివారం, మధ్యాహ్నం. ఓరగా తెరిచున్న గదిలో కెల్సీ అనే పిల్ల పక్కకు తిరిగి పడుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. వీపుకి బ్యాగు. పక్కన ఇద్దరు స్నేహితురాళ్లు.

“ఫోన్ చేశారా?”

“లేదాంటీ. కేసు రాస్తే స్కాలర్‌షిప్ పోతుంది. బ్యాగు కట్టాంగా, పడుకుంటే తగ్గుతుంది.”

“కేసు ఉండదే. చట్టం తెలీదా?”

“ఏ చట్టం?”

మూడో అంతస్తు పిల్లలైతే ఆ మాట అడిగేవాళ్లు కారు. వెర్నాని కేకేశాను. ఆమె దిగొచ్చి, ఆ పిల్లల్లో ఒకదాని చేతిలో ఫోన్ పెట్టింది. “చెయ్యమ్మా. నీ పేరు చెప్పు. ఇక్కడే ఉండు. నిన్నెవరూ ఏమీ అనరు.” నేను బ్యాగు విప్పి, కెల్సీని పక్కకే తిప్పి పట్టుకున్నాను. అంబులెన్స్ తొందరగానే వచ్చింది. పోలీసు పేర్లు రాసుకున్నాడు, కేసు రాయలేదు.

సోమవారం నేను నా చివరి తలుపుకి కాగితం అంటిస్తుంటే, ఆస్పత్రి నుంచి వచ్చిన కెల్సీ పక్కన, ఆమె తల్లి వెర్నాని కావలించుకుని ఏడుస్తోంది. “ముందు చూసింది డార్లా” అంది వెర్నా. నేను కాగితాలు చింపిన సంగతి ఎత్తలేదు. ఆ తల్లి వచ్చి నా జిగురు చేతులు పట్టుకుంది.

తర్వాత ఆవిడ కూతురివైపు తిరిగి, “ఇంటికి పద, నీ పని చెప్తా” అని కసిరింది. ఇన్నేళ్లూ వెర్నాని చూసి కుళ్లాననుకున్నాను. నేను కుళ్లింది ఆ కసురు కోసం. వేడ్‌ని అలా ఒక్కసారి తిట్టడానికి ఏమైనా ఇచ్చేదాన్ని.