తిరుగుదారి రాయని డైరీ

మా కారు చిన్నది, పాతది. దానిలో మా ఆవిడను మార్కాపురం నుంచి బెంగళూరు దాకా పడుకోబెట్టి తీసుకెళ్లాలి. ఆ ఎండాకాలం మొదట్లో నా ముందున్న పని ఇదొక్కటే.

మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగిన ఆమె వెన్నెముక కర్రలా బిగిసి, లోపలి నరాన్ని నొక్కుతోంది. మెడ తిరగదు, కూర్చుంటే నడుము నిలవదు. చిన్న కుదుపు తగిలినా కాళ్లలోకి కరెంటు కొట్టినట్టు నొప్పి. బెంగళూరులో ఆపరేషన్ చేస్తే లేచి కూర్చోవచ్చేమోనని ఒక డాక్టరు అన్నాడు. రైలు మెట్లు ఆమె ఎక్కలేదు. అంబులెన్సు ఒకసారి ఎక్కింది. "ఇంగోసారి దాంట్లో ఏస్తే దోవలోనే పోతా" అంది. ఇక మిగిలింది మా కారు.

నేను భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏ పనైనా డైరీలో రాసుకోకుండా మొదలుపెట్టను. ఒక పేజీలో కారు పనులన్నీ రాసుకుని, తెలిసిన మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. వెనక షాక్ అబ్జార్బర్లు మార్పించాను. ఏసీలో గ్యాస్ పట్టించాను. ముందు ఎడమ సీటును వెనక్కి పూర్తిగా వాల్చి వెనక సీటుకు కలిపి, మధ్యలో మిగిలిన సందులో దూది కుక్కిన గోనెసంచి పెట్టాం. పైన రెండు బొంతలు పరిచాం. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే మెత్తగా పోతుంది కదా అని అడిగితే మెకానిక్కు ఒప్పుకోలేదు.

"ఈ ఎండకు గాలి తగ్గిస్తే టైరు ఏడెక్కి పేలుతాది సార్. నా మాట ఇను."

ఆ తరవాత కారు అతనికిచ్చి, ఆ బొంతల మీద నేనే పడుకున్నాను. తర్లుపాడు దాకా పోయి రమ్మన్నాను. కుదుపు నడుముకు తగులుతుందా, మెడకా అన్నది తెలియాలి.

"ఏంది సార్ ఇది? పేషెంటు మీరా, అమ్మా?" అని దారి పొడవునా నవ్వినాడు. నవ్వుతూనే ప్రతి గుంత దగ్గరా, "ఇది యాడ తగిలింది?" అని అడిగినాడు. మెడకు తగిలింది. ఇంటికి వచ్చి తలకింద ఇంకో దుప్పటి మడిచి పెట్టాను.

మా ఆవిడ మంచం మీంచే ఇదంతా గమనించేది. "కారుకు చేసినన్ని వైద్యాలు నాకు చేసింటే ఈపాటికి లేచి ఉరికేదాన్ని" అనేది.

అసలు పని ఆ తరవాతిది. మా గేటు దగ్గర కారు మీటరు సున్నాకు పెట్టి, ఒంటరిగా బయలుదేరి కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాట్ దాటి నంద్యాల దాకా వెళ్లాను. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా, ప్రతి గుంత దగ్గరా ఆగి, మీటరులో ఎంత ఉందో డైరీలో రాసుకున్నాను. గుంత ఎడమ పక్కనా, మధ్యలోనా అని కూడా రాశాను. అక్కడి నుంచి అవతల రోడ్డు బాగుందని నలుగురూ చెప్పారు. నంద్యాలలో టీ తాగి, డైరీ మూసి సంచిలో పెట్టి, తిన్నగా ఇంటికి వచ్చేశాను.

"జనాల భూములు కొలిచింది చాలక గుంతలు గూడా కొల్చినావా?" అంది మా ఆవిడ. అంటూనే డైరీ అడిగి తీసుకుని, ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని మొత్తం చదివింది.

బయలుదేరిన పొద్దున, పక్కింటి వదిన నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కారు వాటిని తొక్కుతూ కదిలింది.

"నిమ్మకాయలు డైరీలో లేవే" అంది మా ఆవిడ వెనక నుంచి.

దారిలో నేను మీటరు చూసి అంకె చెబితే, ఆమె డైరీ చూసి, "వస్తాంది, నిదానం. ఎడం పక్క, కుడికి తిప్పు" అనేది. ముందే తెలుసు కాబట్టి తలుపు పిడి గట్టిగా పట్టుకునేది. ఘాట్ మలుపుల్లో కూడా కేక వేయలేదు. నంద్యాల దాటాక, "ఇట్లయితే ఎంత దూరమన్నా వస్తా" అంది. ఆ జబ్బు మొదలయ్యాక ఆమె నోట ఆ మాట వినడం అదొక్కసారే.

బెంగళూరు డాక్టరు ఎక్స్‌రే ఫోటోలన్నీ దీపానికి పెట్టి చాలాసేపు చూశాడు. నరం చాలాకాలంగా నలిగిపోయిందని, గుండె కూడా ఆపరేషనుకు తట్టుకోదని చెప్పాడు. ఇంటికి తీసుకెళ్లి నొప్పి తెలియకుండా చూసుకోమన్నాడు. నేను ఇంకేమన్నా దారి ఉందా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే జవాబు, ఓపికగా.

తిరుగు ప్రయాణంలో నంద్యాల చేరాం. ఊరు దాటుతుండగా ఆమె, "డైరీ ఇట్టీ. రాంగ రాసింది యాడుంది?" అంది.

వచ్చేదారి లెక్క డైరీలో లేదు.

ఏ గట్టు కొలిచినా ఆ చివర నుంచి ఈ చివరకు వెనక్కి మళ్లీ కొలిచి సరిచూసుకోవడం నా ఉద్యోగంలో మొదటి పాఠం. చివరిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ ఒక్క దారికి చేయలేదు. మరిచిపోయి కాదు. వచ్చేటప్పుడు ఆమె నా పక్కన కూర్చుని వస్తుందనీ, గుంతలతో పని ఉండదనీ అనుకున్నాను.

కారు పక్కకు ఆపి, నంద్యాల అంకెలోంచి పోయేటప్పటి అంకెలు ఒక్కొక్కటీ తీసివేస్తూ కొత్త పేజీలో రాసి ఆమె చేతికిచ్చాను. స్పీడు బ్రేకర్లు కొంతవరకు కుదిరాయి. గుంతలు కుదరలేదు. పోయేటప్పటివి అవతలి పక్క ఉండిపోయాయి. ఈ పక్కవి నేను చూసినవి కావు. ఘాట్‌లో మొదటి మలుపు తిరగ్గానే చక్రం ఒక గుంతలో దిగింది. ఆమె కేక అడవిలో వినపడింది. రెండోదానికీ అరిచింది. గిద్దలూరు దగ్గర పడేసరికి అరవడం మానేసింది. అద్దంలో చూస్తే పెదవి పళ్లతో నొక్కి పట్టి ఉంది.

కారు ఆపబోతే, "ఆపాకయ్యా. నీకు మాత్రం ఏం తెల్సు? పోనీ" అంది. "తెల్సి కొట్టినా తెలీక కొట్టినా అదే నడుం గదా."

డైరీ ఆమె చేతిలోంచి ఎప్పుడో జారి బొంతల మధ్య పడింది. నేను తీయలేదు. కంభం చెరువు గాలి కిటికీలోంచి తగులుతుంటే, అంత దూరమూ ఇరవై దాటకుండా నడిపాను. వెనక నుంచి లారీలు హారన్ కొడుతూ దాటిపోయాయి.

ఆ రోజు పేజీలో ఇల్లు చేరినప్పటి మీటరు అంకె ఒక్కటే ఉంది. ఆమె ఇప్పటికీ లోపలి గదిలో మంచం మీదే ఉంది. సీటు మళ్లీ సరిచేయమంటారా అని మెకానిక్కు రెండుసార్లు అడిగినాడు. చూద్దాంలే అన్నాను. బొంతలు ఇంకా కారులోనే ఉన్నాయి. ఆమెను ఎక్కించుకుని పోవలసిన చోటు ఏదీ నా డైరీలో లేదు.