పచ్చి చేప, ఐదు డిగ్రీల రిజిస్టరు

2006 ఎండాకాలం నాటికి నేను నాచారం పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ అష్యూరెన్స్ (క్యూఏ) మేనేజర్‌ని. హోదా పేరు పొడవే గాని పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఇతరులు చేసిన పనిని రికార్డుల్లో చూడటం, చూసినట్టు సంతకం పెట్టడం. ఈ రెండింటిలో రెండోది నాకు బాగా వచ్చు.

ఆ మే నెలలో మా సరుకు కొనదలచిన జర్మనీ కంపెనీ తరఫున హెల్గా అనే ఆడిటర్ మూడు రోజుల తనిఖీకి వచ్చారు. ఆమె ఒప్పుకుంటేనే మేము కొత్తగా కట్టిన బ్లాకు నడుస్తుంది. అందులో పని కోసం తీసుకున్నవాళ్లు అప్పటికే జనగామ నుంచీ భువనగిరి నుంచీ వచ్చి ఉప్పల్‌లో గదులు వెతుక్కుంటున్నారు.

రెండో రోజు సాయంత్రం ఆమెను బంజారాహిల్స్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంటుకు తీసుకెళ్లమని ఎండీగారు నాకు వారం ముందే చెప్పారు. తోడుగా గోదాము ఇన్‌ఛార్జి మల్లేశాన్ని పంపిస్తానన్నారు. అక్కడికి ఎప్పుడైనా వెళ్లారా అని అడిగితే, తరచూ వెళ్తుంటానని చెప్పాను. నిజానికి నేను ఉప్పల్ దాటి భోజనానికి వెళ్లడమంటే సికింద్రాబాద్‌లో బిర్యానీ తినడమే.

మా వృత్తిలో తెలియని పనికి ఒక మందు ఉంది. దాన్ని ఎస్ఓపీ అంటారు. ఏ పని ఎవరు ఏ వరుసలో చేయాలో అంకెలు వేసి రాసుకునే పత్రం అది. ఆమె రావడానికి ముందు ఆదివారం నేను బంజారాహిల్స్ వెళ్లి, ఆ రెస్టారెంటు గుమ్మం బయట స్టాండు మీద పెట్టిన మెనూలో పేర్లు కొన్ని నోటుబుక్కులో రాసుకొచ్చాను. లోపలికి వెళ్లే ధైర్యం చాలలేదు. తర్వాత రెండు పేజీల ఎస్ఓపీ రాశాను. నాప్కిన్ ఎప్పుడు విప్పాలి, ఫోర్కు ఏ చేత్తో పట్టాలి, అతిథి కంటే ముందు తినడం మొదలుపెట్టకూడదు, అన్నీ రాశాను. పద్ధతి ప్రకారం మల్లేశానికి శిక్షణ ఇచ్చి, శిక్షణ తీసుకున్నట్టు సంతకం చేయమన్నాను.

"తినుడుకు గూడ ట్రైనింగేనా సార్?" అన్నాడు మల్లేశం. అయినా సంతకం చేశాడు.

రెండో రోజు మధ్యాహ్నం హెల్గా మా కోల్డ్ రూమ్ చూశారు. చల్లగా ఉంచాల్సిన పదార్థాలు అక్కడ ఉంటాయి. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత చూసి రిజిస్టరులో రాస్తారు, వారానికోసారి నేను సంతకం పెడతాను. ఒక వారం మొత్తం ఐదు డిగ్రీలే ఉంది. ఆ వారమే ఆ గదిలో ఉన్న ఒక్క థర్మామీటరూ క్యాలిబ్రేషన్‌కు, అంటే సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించడానికి, బయటికి వెళ్లినట్టు ఇంకో ఫైలులో ఉంది. మరి ఈ ఐదు ఏ పరికరం చూపించిందని ఆమె అడిగారు. స్పేర్ థర్మామీటర్ ఉందని నేను వెంటనే చెప్పాను. పక్కనే మల్లేశం రిజిస్టరు పట్టుకుని ఉన్నాడు. రేపు చూపించండి అని ఆమె నోట్ చేసుకున్నారు.

సాయంత్రం తార్నాక మీదుగా రెస్టారెంటుకు చేరాం. మెనూ తెరిచి, నా నోటుబుక్కులో ఉన్న పేర్లలో నోరు తిరిగిన ఒక్కటి, కార్పాచియో, ముగ్గురికీ ఆర్డరిచ్చాను. అదేదో కూరై ఉంటుందనుకుని, బాగా వేయించి తెమ్మన్నాను కూడా. వెయిటర్ ఒక క్షణం నా ముఖం చూసి తల ఊపాడు. ఇక్కడికొస్తే నేను ఎప్పుడూ ఇదే తింటానని హెల్గాకు చెప్పాను.

కాగితమంత పల్చటి గులాబీరంగు ముక్కలు వచ్చాయి. మల్లేశం కాసేపు చూసి, వెయిటర్‌ని దగ్గరికి పిలిచాడు.

"అన్నా, ఇదేందో జర సమజయ్యేటట్టు చెప్పు."

అంతదాకా ఇంగ్లిషు తప్ప మాట్లాడని వెయిటర్ ముఖం విచ్చుకుంది. "పచ్చి చేప అన్నా. సన్నగ కోసి నిమ్మరసం పోస్తరు. ఉడకవెట్టరు."

"గట్లయితే నాకొద్దు. ఉడికింది ఏముంటే అది తే."

ఎస్ఓపీలో ఇలాంటి సందర్భం లేదు. ఏం జరిగిందని హెల్గా అడిగితే మల్లేశం తనకు వచ్చిన ఇంగ్లిషులో చెప్పాడు. ఆమె నవ్వి, తనకూ పచ్చి చేప పడదని ప్లేటు పక్కకు జరిపారు. ఎప్పుడూ అదే తినేవాణ్ని కాబట్టి నేను మాత్రం మొత్తం తినాల్సి వచ్చింది. వాళ్లిద్దరూ వేయించిన చేప, వెన్న రాసిన రొట్టె తింటూ మల్లేశం కూతురి చదువు గురించి మాట్లాడుకున్నారు. నేను నమలకుండా మింగే పనిలో ఉన్నాను.

ఆమెను హోటల్ దగ్గర దింపి వస్తుంటే కారులో మల్లేశం మెల్లగా అడిగాడు.

"సార్, స్పేర్ థర్మామీటర్ ఉన్నదన్నరు. ఏడేండ్ల సంది గోదాంల ఉన్న, నేనైతే సూడలే. మీరు సూసిన్రా?"

చూడలేదన్నాను. ఆ రోజు నేను చెప్పిన మొదటి నిజం అదే.

మర్నాడు పొద్దున్నే రిజిస్టరు రాసే గుమస్తాను పిలిచి అడిగాం. గడి ఖాళీగా ఉంటే క్యూఏ సార్లు ఒప్పుకోరని, అంతకుముందు వారం అంకెనే రాశానని దాపరికం లేకుండా చెప్పాడు. ఆ అంకెల కింద నా సంతకం ఉంది. లేని కొలత రాయడం మా వృత్తిలో అన్నిటికంటే పెద్ద తప్పు. ఆడిటర్ దాన్ని క్రిటికల్ అని రాస్తే కొత్త బ్లాకు తెరవకముందే మూసుకోవాలి. ఒక థర్మామీటర్ కొని చూపిద్దామా అని నేను మల్లేశాన్ని అడిగాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

"కొనొచ్చు సార్. గనీ ఆమె దాని సర్టిఫికెట్ అడుగుతది. అప్పుడు మళ్ల ఇంకోటి చెప్పాలె."

తొమ్మిది గంటలకు ఆమె అడగకముందే నేను చెప్పాను. స్పేర్ లేదని, ఆ అంకెలు కొలిచినవి కావని, నేను చదవకుండా సంతకం పెట్టానని, నిన్న తెలియకుండానే జవాబిచ్చానని. ఆమె చాలాసేపు రాసుకున్నారు. ఆ వారం కోల్డ్ రూమ్‌లో ఉన్న సరుకంతా ఆపి మళ్లీ పరీక్షించమన్నారు. గుమస్తా మీద చర్య తీసుకుంటారా అని అడిగితే, ముందు నా మీద తీసుకోవాలన్నాను. లేచే ముందు, నిన్నటి చేప మీరు మొదటిసారి తిన్నారు కదా అన్నారు. ఔనన్నాను. అది రిపోర్టులో రాయనన్నారు.

రిపోర్టులో ఆ తప్పును క్రిటికల్ అనలేదు, దానికంటే ఒక మెట్టు కిందిదైన మేజర్ అని రాశారు. ముందే ఒప్పుకున్నందుకు అని కారణం కూడా రాశారు. సరుకు పరీక్షలో నెగ్గింది. అనుమతి నాలుగు నెలలు ఆలస్యమైంది, బ్లాకు మాత్రం నడిచింది. గుమస్తా ఉద్యోగం నిలిచింది. నాకు రావలసిన జనరల్ మేనేజర్ పదవి వేరొకరికి వెళ్లింది, అది న్యాయమే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి రిజిస్టరూ చదివే సంతకం పెట్టాను. దానివల్ల సరుకు ఆలస్యమవుతోందని అందరూ విసుక్కున్నారు.

"నాకు తెలియదు, చూసి చెప్తాను" అనేది ఒక అధికారి ఇవ్వగలిగిన పూర్తి జవాబే. ఇది మల్లేశానికి ఏ శిక్షణా లేకుండానే తెలుసు. నాకు తెలియడానికి ఇరవై రెండేళ్ల సర్వీసు పట్టింది.