హెడ్‌మేష్ట్రుకు పాడిన పాట

ఆ రోజుల్లో బాగేపల్లిలో పాటలు రాసే కుర్రాళ్లు చాలామందే ఉండేవాళ్లు. రాసి, తామే పాడి, పైగా జనం మెచ్చుకుంటారని నమ్మిన వెధవ మాత్రం నేనొక్కణ్ణే. జెరాక్స్ అంగడిలో పని చేస్తూ, వందేళ్ల కిందటి అమెరికా పాటగాడొకడి కథ ఎక్కడో చదివాను (పేరు చెప్పను, ఆయన పరువు తీయడం నాకెందుకు). పాటలు తానే రాసి, ఊరూరా తానే పాడేవాడట. ఆ పాటలు అచ్చువేసిన కాగితాలు జనం ఎగబడి కొనేవారట. ఇంకేం, నేనూ అంతే అనుకున్నాను. ఆయనకు గొంతు ఉండేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. అప్పటికి నా కీర్తి అంతా చావులదే. ఎవరైనా పోతే పదకొండో రోజు భజనలో పోయినవారి మీద పాట పాడేవాణ్ణి. ఎవరు పోయినా అదే పాట, పేరొక్కటే మార్చేవాణ్ణి. ఏడ్చేవాళ్లు ఎలాగూ ఏడుస్తారు. నేనది నా ప్రతిభ అనుకునేవాణ్ణి.

అంతలో పేరేసంద్ర బడిలో నాకు పాఠాలు చెప్పిన హెడ్‌మేష్ట్రు రిటైరయ్యారు. బీళ్కొడుగె సభకు (అదే, వీడ్కోలు సభకు) చింతామణి నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. "ఈపొద్దు నీ పాట బాగొస్తే పెండ్లిండ్ల సీజనంతా మాతోనే తిరుగుదువులే అప్పా" అన్నాడు దాని యజమాని. జెరాక్స్ మిషను నుంచి నేను బయటపడే దారి అదొక్కటే. కొత్త పాట రాయాల్సింది. నా బద్ధకం రాయనిస్తేగా? వెళ్లిపోవడమంటే వెళ్లిపోవడమే కదా అని, ఆ చావు పాటలోనే మేష్ట్రును ఇరికించి, కాగితాలు జెరాక్స్ తీసి అందరికీ పంచాను.

కళ్లు మూసుకుని ఎత్తుకున్నాను. "మళ్లీ రాని దారి పట్టినావా మా మేష్ట్రూ" అనేసరికి మేష్ట్రు భార్య భోరుమంది. నేను పొంగిపోయి, "నీ పటానికి దండ వేసినామే" అని ఇంకా గొంతు పెంచాను. మేష్ట్రు వచ్చి మైకు లాక్కున్నారు.

"రేయ్, నేను పోతాండేది బడి నుంచిరా, భూమ్మీద నుంచి కాదు!"

సభంతా ఒకటే నవ్వు. ఆయన ఎర్ర పెన్ను తీసి, చేతిలోని నా పాట కాగితం మీద పదికి మూడు మార్కులు వేసి జేబులో పెట్టుకున్నారు. ఆర్కెస్ట్రా వ్యాను నన్ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

పోయిన ఏడాది మేష్ట్రు పోయారు. ఆయన భార్య ఫోన్ చేసి, "పదకొండో దినానికి ఆ పాటే పాడాలంటప్పా. మీ మేష్ట్రే చెప్పినారు. కాగితం బీరువాలో దాచిపెట్టుకోని ఉండారు" అన్నారు. వెళ్లాను. ఒక్క మాటా మార్చే పని లేకపోయింది. ఆ ఎర్ర మార్కులు కనబడేసరికి మాత్రం ఉన్న కాస్త రాగమూ పోయింది.

నా పాటల బతుకులో మళ్లీ పాడమని ఎవరైనా అడిగింది ఆ ఒక్కసారే. అడిగినాయన మార్కులు వేయడానికి లేరు. ఆనాటి ఆ బద్ధకపు వెధవను తిట్టుకుందామని ఇప్పటికీ నోరు తెరుస్తాను. తీరా తెరిచాక నవ్వొస్తుంది.