గిటారు వినబడని రోజు

"పాట ఎత్తవే, నేను పట్టుకుంటాను" అన్నారు మా ఆయన.

"ముందా మాత్ర వేసుకోండి. నీళ్ళు తెస్తాను, ఉండండి" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. పొద్దున్న వసారాలో మంచం మీద గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను గ్లాసుతో తిరిగొచ్చేసరికి తల గోడకి ఆనించి ఉన్నారు. పక్కింటివాళ్ళు వచ్చి చూసి చెప్పేదాకా పోయారని నాకు తెలియలేదు. ఆ సంగతి ఇంతకంటే రాయొద్దమ్మా. నేను చెప్పాలనుకున్నది వేరు.

ఈ ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. ఏడాది తిరిగింది. క్వయిర్ నడిపే మాస్టారు నిన్న మా ఇంటికి వచ్చి, ఆ రోజు తాను చెప్పబోయే నాలుగు మాటలు నాకు ముందుగా వినిపించాడు. మంచివాడే. "బాబాయి గారు ఆ వయసులో కూడా ఎంతో ఆసక్తిగా గిటారు నేర్చుకునేవారు" అని చదివాడు. నా మనసు అక్కడే ఆగిపోయింది. తర్వాత ఏం చదివాడో వినలేదు.

"ఆయన నేర్చుకోడం ఎప్పుడో అయిపోయింది బాబూ" అన్నాను.

"ఆయ్, అలాగేనండీ పిన్నిగారూ" అని నవ్వి, టీ తాగి వెళ్ళాడు. మాట మారుస్తాడని నాకు నమ్మకం లేదు. అందుకే మా మరిది కూతుర్ని కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. నాకు సంతకం వచ్చు, కూడబలుక్కుని బస్సు బోర్డు చదవగలను, అంతవరకే. ఇది రాసి, ఆదివారం తనే లేచి నిలబడి చదవాలి.

ఆయనది కొబ్బరికాయల ఒలుపు పని. రాజోలు చుట్టుపక్కల తోటల్లో, కొట్లలో చిన్నప్పటి నుంచీ అదే. నేలలో పాతిన ఇనప గునపం మీద కాయని గుచ్చి, ఒక్క తిప్పుకి పైన పీచు డొక్క ఊడదీసేవారు. నడుము పట్టేసి పని తగ్గించుకున్న రోజుల్లో మా చర్చికి కీబోర్డు వచ్చింది. అంతకుముందు వాడిన గిటారు తీగలు తెగి, వెనక గదిలో విరిగిన కుర్చీల మధ్య పడి ఉంది. పాస్టరు అయ్యగారిని అడిగి తెచ్చుకుని, అమలాపురం వెళ్ళి కొత్త తీగలు వేయించారు.

నేర్పింది ఫోను. అందులో ఒకాయన, మొదట్లో వేళ్ళ కొసలు బొబ్బలెక్కుతాయనీ, అవి గట్టిపడ్డాక ఇక మీరు కొత్తవాళ్ళు కారనీ చెప్పాడు. ఈయన తన చేతులు చూసుకుని పడీ పడీ నవ్వారు.

"నా వేళ్ళు మన పెళ్ళికి ముందే గట్టిపడిపోయేయే. అంటే మొదలెట్టకుండానే పాసైపోయేనంటావా?"

"వేళ్ళే కాదండీ, మీకు చెవులు కూడా అంతే గట్టి" అన్నాను.

ఒక్క వేలితో తీగలన్నీ కలిపి అదిమే పట్టు ఒకటి ఉందట, అలాంటి పట్టుని కార్డు అంటారు. అది శుభ్రంగా పలికితే గట్టెక్కినట్టేనని ఇంకో వీడియోలో చెప్పారు. కుర్రాళ్ళకి నెలలు పట్టేది ఈయనకి తొందరగానే వచ్చేసింది. గునపం మీద కాయలు తిప్పిన చెయ్యి కదా, బలానికేం లోటు? మరి అక్కడితో నేర్చుకోడం అయిపోయిందా అంటే, లేదు. అది నాకు ప్రతి శుక్రవారం తెలుస్తూనే ఉండేది.

శుక్రవారం సాయంత్రం మా వీధిలో ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక. అక్కడ పాట ఎత్తేది నేను. పుస్తకం చూసి పాడలేను గనక పాటలన్నీ నోటికి వచ్చు. నాది బొంగురు గొంతు. ఏ శ్రుతిలో ఎత్తుతానో నాకే తెలియదు, ఆ పూట ఊపిరిని బట్టి ఉంటుంది. ఎత్తినవాళ్ళది ఎంత శ్రుతి అయితే అంత, మిగతా అందరూ దాని మీదకి రావాల్సిందే. ఆ శ్రుతి తీగల మీద ఎక్కడుందో ఈయన టింగు టింగుమని వెతుక్కుంటూ ఉండగానే చరణాలు జారిపోయేవి. మా ఎదురింటి ముసలావిడ ఊరుకునేది కాదు.

"ఏమయ్యా అల్లుడూ, దొరికిందా? లేకపోతే నీ కోసం పాట మళ్ళీ మొదలెట్టమంటావా?"

గదంతా నవ్వు. ఇంటికొచ్చాక నా మీద పడేవారు.

"నువ్వు కాస్త పైకి ఎత్తొచ్చు కదే. అక్కడైతే నా చేతికి సుఖం."

"నా గొంతు మీ గిటారు మెడనుకున్నారా, కావలసిన చోట నొక్కడానికి?"

శ్రుతి మార్చడానికి గిటారు మెడకి బిగించే క్లిప్పు ఒకటి కొన్నారు. ఆయన అది బిగించే లోపల మేము ఆమెన్ అనేసేవాళ్ళం.

ఆయన కోరిక ఒక్కటే. ఆదివారం ఆరాధనలో క్వయిర్ పక్కన కూర్చుని వాయించాలి. మాస్టారుని అడిగినప్పుడల్లా, "బాగా నేర్చుకోండి బాబాయి గారూ, చూద్దాం" అనేవాడు. ఈయన "ఆయ్" అని వచ్చేసేవారు.

తర్వాత ఎదురింటావిడ మంచాన పడింది. ఒక మధ్యాహ్నం కూడిక వాళ్ళింట్లోనే పెట్టుకున్నాం. మాస్టారు చిన్న కీబోర్డు తెచ్చాడు. నేను ఎత్తబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఇవాళ నేను పాడతాను" అంది. దారంలాంటి గొంతు. ఒక మాట అని ఆగేది, ఊపిరి అందాక మిగతాది అనేది. కీబోర్డు తాళం ప్రకారం ముందుకి వెళ్ళిపోయింది, ఆవిడ వెనకే ఉండిపోయింది. మాస్టారు మళ్ళీ వెనక్కి వచ్చాడు, ఈలోపు ఆవిడ మరో చోట ఉంది. చివరికి అతను చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆవిడ మాత్రం ఆపలేదు. రెండో చరణం పాడాల్సిన చోట మళ్ళీ మొదటిదే అందుకుంది. పాట ఎత్తేదాన్ని కదా, మాట అందిద్దామని నోరు తెరిచి మూసేశాను. ఎందుకంటే అది తప్పులా వినపడలేదు. అలాగే పాడాలి కాబోలు అన్నట్టుంది. పాట అయ్యాక ప్రార్థన చేసుకుని లేచాం. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ అందరూ ఆవిడ పాట గురించే మాట్లాడుకున్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఈయన మొహం చిన్నబుచ్చుకున్నారు.

"ఒక్కరూ ఏమీ అనలేదే. పాడుచేసేనా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఈయన మొదటి నుంచి చివరిదాకా వాయిస్తూనే ఉన్నారు.

"క్లిప్పు ఎప్పుడు పెట్టేరండీ?"

"పెట్టలేదే."

"మరి శ్రుతి ఎలా దొరికింది?"

"ఏమో, వెతికినట్టు లేదు. ఆవిడ గుండెల మీద పైట కదులుతోంది చూడు, అదే చూస్తున్నాను. పైట లేచినప్పుడు తీగ మీటేను. లేవనప్పుడు ఊరుకున్నాను."

"అయితే మీ నేర్చుకోడం ఇవాల్టితో అయిపోయింది" అన్నాను.

ఆయన నమ్మలేదు. "నువ్వంటే సరా? మాస్టారు అనాలి" అన్నారు. మాస్టారు ఎప్పుడూ అనలేదు.

నేను చాలా రోజులు ఆలోచించాను. కొత్తగా ఒలుపులో దిగినవాడు గునపం మొన వంకే చూస్తూ ఉంటాడు, ఎక్కడ చేతిలో దిగుతుందోనని. ఈయన మనిషి మొహం చూసి కబుర్లు చెబుతూ కాయలు ఒలిచేసేవారు. గిటారుతో మాత్రం అన్నాళ్ళూ తన వేళ్ళ వంకే చూసుకున్నారు. ఆ మధ్యాహ్నం తల ఎత్తారు. అంతకుమించి నేను చెప్పలేను. ఆ తర్వాత తప్పులు పోయాయని కూడా అనను. వేగం పాటలు ఆయనకి అందేవి కావు, ఒక్కోసారి కార్డు తప్పితే నాలిక కరుచుకునేవారు. కానీ ఏ శుక్రవారమూ నన్ను పైకి ఎత్తమని మళ్ళీ అడగలేదు. నా బొంగురు గొంతు ఎక్కడుంటే అక్కడికే వచ్చి కూర్చునేవారు.

మాస్టారు మీద నాకు కోపం లేదు. ఆ గదిలో అతనూ ఉన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఆదివారం ఇది విన్నాక అతని కాయితంలో ఏ మాట ఉంచుకుంటాడో అతని ఇష్టం. మనుషులందరి ముందూ నా మాట కూడా ఉండాలి, అంతే.

ఏమ్మా, కళ్ళు తుడుచుకుంటున్నావు? నువ్వు ఏడుస్తూ రాస్తే మధ్యలో "పాపం" అని ఎక్కడైనా పెట్టేసి ఉంటావు. ఆయన్ని ఎవరూ పాపం అనక్కర్లేదు. ఏదీ, ఆ కాయితాలు ఇలా వెలుతురులోకి తీసుకురా. మొదటి నుంచీ చదువు. మెల్లగా.